సముద్రపు ఈత, 4వ పాఠం: గోడ తన్నకుండా తిరగడం

పోయిన పాఠం దాకా కబడ్డీలో లిగమెంటు తెగి ఆపరేషనైన మోకాలి సంగతే చూశాం. ఫిజియో సరేనన్నాకే నీళ్లలోకి దిగాలి, కప్పలా తన్నే బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్లు అప్పుడే వద్దు, తొడల మధ్య పుల్ బాయ్ అనే తేలే నురగదిమ్మ ఉండాలి. (బావిలో ఈత నేర్చినప్పుడు నడుముకు కట్టుకున్న బెండుకు ఇది తమ్ముడు.) ఇక దూరం పెంచుదాం.

25 మీటర్ల పూల్‌లో కిలోమీటరంటే 40 ల్యాపులు, 39 మలుపులు. మలుపు మలుపుకూ గోడను తన్ని నాలుగు మీటర్లు ఊరికే జారిపోతే, కిలోమీటరులో 150 మీటర్లకు పైగా గోడ పుణ్యమే. అదే సముద్రంలో చూడండి, శ్రీలంకలోని తలైమన్నారు నుంచి తమిళనాడులోని ధనుష్కోటికి సుమారు 30 కిలోమీటర్లు. 2021లో తెలుగు ఈతగత్తె గోలి శ్యామల దాన్ని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. ఆ దారిలో గోడ ఎక్కడిది? పైగా ఆపరేషనైన మోకాలిని మడిచి ఒక్కసారిగా చాచడం దానికి పెద్ద బరువు. అందుకే గోడతో పనే వద్దు.

పూల్ అడుగున నల్లగీత 'టీ' ఆకారంలో ముగిసేచోట, అంటే గోడకు రెండు మీటర్లు ఇవతలే తిరగండి. పల్టీ కొట్టకండి. ఒక చేత్తో నీళ్లను పక్కకు లాగి, ఒళ్లు తిప్పి, దేన్నీ తాకకుండా వెనక్కి రండి. ఊపు మొత్తం చచ్చిపోతుంది, దాన్ని మళ్లీ భుజాలతోనే పుట్టించాలి. మొదట్లో 200 మీటర్లకే ఆయాసం వస్తుంది, కంగారు పడకండి.

కాళ్లు చేయని పని భుజాల మీద పడుతుంది కాబట్టి వాటి మీద కన్నేయండి. చెయ్యి తలకు అడ్డంగా అవతలికి పడకూడదు, బొటనవేలు ముందుగా నీళ్లలో గుచ్చుకోకూడదు. కండలు బరువెక్కితే ఫర్వాలేదు. భుజం ముందు భాగంలో ఒక్కచోట సూదిలా పొడిచిందా, ఆ రోజుకు చాలు. మర్నాడు పొద్దున మోకాలు వాచినా నిన్నటి దూరం ఎక్కువైనట్టే.

ఇంకొకటి, దారి కోసం ముందుకు చూసే చూపు. బావి ఈతగాళ్లం తలంతా పైకెత్తుతాం, దాంతో నడుము మునుగుతుంది. ఎనిమిది చేతులకోసారి కళ్లు మాత్రమే నీటిపైకి తేలాలి, ఊపిరి మాత్రం పక్కకు తిరిగాకే. లేన్ ఖాళీగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని ఆరు చేతులు వేయండి. ఏ తాడుకు తగులుతున్నారో చూసుకోండి. సముద్రంలోనూ అటే కొట్టుకుపోతారు.

తిరుపతి వాళ్లు అడుగుతుంటారు, కల్యాణి డ్యామ్‌లో ఈదొచ్చా అని. వద్దు, అది తాగునీరు. తూపిలిపాళెం తీరానికి పోయే రోజు వస్తుంది, అప్పుడైనా ఒంటరిగా కాదు.

వచ్చే పాఠం: వెంట వచ్చే పడవను పట్టుకోకుండా నీళ్లలోనే తాగడం, తినడం.