నొప్పులతో వచ్చేవాళ్ళలో డిప్రెషన్ ఉందేమో ఎలా చూడాలి

నడుం నొప్పో మోకాళ్ళ నొప్పో మెడ నొప్పో 3 నెలలు దాటి ఉన్న పేషెంట్ మీ దగ్గరికి వస్తే, మీరు ఫిజియో అయినా ఆర్థో డాక్టర్ అయినా పీహెచ్‌సీ నర్స్ అయినా సరే, డిప్రెషన్ గురించి కూడా అడగండి. ఎంఆర్ఐ రిపోర్టులు అన్నీ తెస్తారు గానీ ఏడుపొస్తోందని మాత్రం వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

అయితే ముందు, తేడా ఉంటే ఎక్కడికి పంపాలో తేల్చుకుని పెట్టుకోండి. దగ్గర్లో సైకియాట్రిస్ట్ ఎవరు, జిల్లా ఆస్పత్రిలో ఓపీ ఏ రోజు, ఇవి తెలీకుండా ఊరికే అడిగి వదిలేస్తే వాళ్ళకి ఒరిగేదేం లేదు.

మొదలు పీహెచ్‌క్యూ-2 చాలు, డిప్రెషన్ ఉందేమో చూసే చిన్న ఫామ్ అది, రెండే ప్రశ్నలు. గత 2 వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులున్నారు, దిగులుగా నిరాశగా ఎన్ని రోజులున్నారు. అస్సలు లేదంటే 0, కొన్ని రోజులు 1, సగం రోజుల కంటే ఎక్కువైతే 2, దాదాపు రోజూ అంటే 3. మొత్తం 3 గానీ ఆపైన గానీ వస్తే పీహెచ్‌క్యూ-9 చేయండి, అది ఇలాంటిదే, తొమ్మిది ప్రశ్నల ఫామ్.

అడిగే పద్ధతిలోనే ఉంది అంతా. పక్కన భర్తో అత్తగారో ఉంటే ఎవరూ నిజం చెప్పరు, కాసేపు బయట కూర్చోమనండి. "నొప్పి ఇన్నాళ్ళు ఉంటే ఎవరికైనా మనసు కుంగుతుందమ్మా, అందుకే అందర్నీ అడుగుతున్నా" అని మొదలుపెట్టండి. ఆసక్తి ప్రశ్నకి చాలామంది "వంగలేను కదండీ, పనులెక్కడ చేస్తాను" అంటారు, అది జవాబు కాదు, చేయలేకపోవడం వేరు చేయాలనిపించకపోవడం వేరు. కూర్చుని చేసేవాటి గురించి అడగండి, సీరియల్ చూడాలనిపిస్తోందా, మనవడితో మాట్లాడాలనిపిస్తోందా, అక్కకి ఫోన్ చేస్తున్నారా అని.

పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27, 10 గానీ ఆపైన గానీ వస్తే సీరియస్‌గా తీసుకోవాలి. నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకి నొప్పి వల్ల కూడా మార్కులు పడతాయి నిజమే, కానీ మీరే తీసేసి లెక్కేయకండి, దిగులు, ఎందుకూ పనికిరానన్న ఫీలింగ్ వీటికి ఎంత వచ్చిందో విడిగా చూడండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా ఓసారి చూపించండి.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచన గురించి. దానికి 1 వచ్చినా, మొత్తం స్కోర్ ఎంతున్నా, అక్కడే ఆగి సూటిగా అడగండి, ఎలా చేసుకోవాలని అనుకున్నారు, ఇంట్లో పురుగుల మందు గానీ నిద్రమాత్రలు గానీ ఉన్నాయా అని. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్న భయం వద్దు, పెరగదు. ప్రమాదం ఉందనిపిస్తే ఒంటరిగా ఇంటికి పంపకండి, ఇంట్లోవాళ్ళకి చెప్పి ఆ మందులు తీయించి అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, 24 గంటలూ ఉంటుంది, ఫ్రీ.

స్కోర్ ఎక్కువొచ్చింది కదా అని "నీ నొప్పంతా మనసులోనే ఉంది" అని మాత్రం దయచేసి అనకండి, ఆ మాటన్నాక వాళ్ళు మళ్ళీ మీ గుమ్మం తొక్కరు. నొప్పి నిజం, దిగులూ నిజం, రెండిటికీ ట్రీట్‌మెంట్ కలిసి నడవాలి, ఎక్సర్‌సైజులు ఆపక్కర్లేదు. స్కోర్ ఒక్కదాంతోనే డిప్రెషన్ అని తేల్చేయకూడదు కూడా, అది డాక్టర్ మాట్లాడి చెప్పాలి. ఇంకోటి, నొప్పికని రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 ఎంజీ వాడుతుంటే డిప్రెషన్‌కి కూడా మందు పడుతోంది కదా అనుకుంటారు, ఆ డోస్ దానికి సరిపోదు.

నెలకోసారి అదే ఫామ్ మళ్ళీ చేయించండి, 5 పాయింట్లు తగ్గితే బాగవుతున్నట్టే, తగ్గకపోతే రెండు స్కోర్లూ తేదీలతో చీటీ మీద రాసి సైకియాట్రిస్ట్‌కి పంపండి.