స్టోయిక్ సాధన పనిచేయడం లేదా? ముందు మీరు రాసుకున్న మొదటి వాక్యం చూడండి

మన తీర్పుల్ని మనమే సోదా చేసుకోమనే పాత గ్రీకు, రోమన్ తత్వం స్టోయిసిజం. దాని గురువు ఎపిక్టెటస్‌ని చదివారు, దాన్ని పాటించిన రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌ని చదివారు, రోజూ రాత్రి నోటుబుక్‌లో రాసుకుంటున్నారు. అయినా పాత చిరాకే, పాత నిద్రలేమే. ఈ మాట చెప్పేవాళ్లలో చాలామంది ఇంకో మంచి పుస్తకం పేరు చెప్పమంటారు. పుస్తకం అక్కర్లేదు.

ముందు అందరూ దాటేసే చెక్ ఒకటి చేయండి. ఎపిక్టెటస్ బోధల చిన్న పుస్తకం ఎన్‌కిరిడియన్ మొదటి అధ్యాయంలోనే రెండు జాబితాలున్నాయి. అభిప్రాయం, ప్రయత్నం, కోరిక, అయిష్టం మన వశంలో ఉన్నవి. శరీరం, ఆస్తి, పేరు, పదవి మన వశంలో లేనివి. మిమ్మల్ని ఇప్పుడు కుదిపేస్తున్నది ఏ జాబితాలోదో వేలు పెట్టి చూపించండి. "ఆరోగ్యం సగం నా చేతిలోనే ఉంది కదండీ" అంటారు. లేదు. పొద్దున్నే నడవాలనుకోవడం మీది, షుగర్ రిపోర్టులో అంకె మీది కాదు. ఈ ఒక్కటి తేలకుండా కింద రాసినవి చదివి లాభం లేదు.

లక్షణం: ఎంత సాధన చేసినా కోపం, భయం ముందు వచ్చేస్తున్నాయి

ఇది అసలు లోపమే కాదు. గ్రీసులోని కస్సియోపా నుంచి ఇటలీలోని బ్రుండిసియం వెళ్లే ఓడ తుఫానులో చిక్కుకున్న సంగతి, అందులో తనూ ఉన్న రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ రాశాడు. ఓడలో ఏథెన్స్‌లో పేరున్న స్టోయిక్ గురువు ఒకాయన ఉన్నాడు. అందరితోపాటు ఆయన మొహమూ పాలిపోయింది. గాలి తగ్గాక ఒక ధనవంతుడు వచ్చి దెప్పాడు. తర్వాత గెల్లియస్ మర్యాదగా అడిగితే, గురువు తన మూటలోంచి ఎపిక్టెటస్ ప్రసంగాల ఐదో సంపుటం తీసి చూపించాడు. మొదటి అదురు జ్ఞానికైనా తప్పదు, దానికి "నిజమే, ఇది ఘోరం" అని ఒప్పుకోలు ఇవ్వకపోవడమే అతని పని అని అందులో ఉంది. ఆ సంపుటం ఇప్పుడు మనకు దొరకదు. రోమన్ స్టోయిక్ సెనెకా కూడా కోపం గురించి రాసిన రెండో పుస్తకంలో ఇదే చెప్పి, మందు కూడా చెప్పాడు: ఆలస్యం. జవాబు టైప్ చేయండి, పంపకండి.

లక్షణం: "ఇది నా చేతిలో లేదు" అని వందసార్లు అనుకున్నా మంట తగ్గదు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నన్నూ చాలాకాలం తిప్పలు పెట్టింది, ఎందుకంటే పైకి అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. నోటుబుక్‌లో ఇలా ఉంటుంది: "మేనేజర్ మీటింగులో అందరి ముందు నా పరువు తీశాడు. పరువు నా వశంలో లేదు. వదిలేయాలి." జాబితా చెక్ పాసైంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తప్పు మొదటి వాక్యంలో ఉంది. జరిగినదీ, మీ తీర్పూ అందులో కలిసిపోయాయి. తీర్పు వార్త వేషంలో లోపలికి వచ్చేసింది కాబట్టి దాన్ని ఎవరూ సోదా చేయలేదు. ఎపిక్టెటస్ తన శిష్యులకు రోజూ చేయమన్న అభ్యాసం సరిగ్గా దీనికోసమే. ఒకడి ఓడ మునిగింది. ఏమైంది? ఓడ మునిగింది. ఒకణ్ని జైల్లో వేశారు. ఏమైంది? జైల్లో వేశారు. "పాపం, వాడికి చెడు జరిగింది" అన్నది మాత్రం ఎవరికివాళ్లు తమ సొంతంగా తగిలించుకున్నది. ఎన్‌కిరిడియన్‌లో ఇంకా చిన్న ఉదాహరణ ఉంది: ఒకడు గబగబా స్నానం చేస్తే "సరిగ్గా చేయలేదు" అనకు, "గబగబా చేశాడు" అను.

ఇప్పుడు మీ వాక్యం మళ్లీ రాయండి, ఎవరైనా వీడియో తీసి ఉంటే అందులో కనిపించేదీ వినిపించేదీ మాత్రమే. "రిపోర్టులో మూడో పట్టిక తప్పని మేనేజర్ అన్నాడు. గదిలో ఆరుగురున్నారు." అంతే. పట్టిక నిజంగా తప్పా? అయితే సరిచేయండి. "పరువు పోయింది" అన్నది ఇప్పుడు విడిగా పక్కన నిలబడింది, దాన్ని ప్రశ్నించవచ్చు.

చిన్న మాటల్ని వదలకండి. "కనీసం ఫోన్ కూడా చేయలేదు" అన్న వాక్యంలో జరిగింది "ఫోన్ చేయలేదు" ఒక్కటే. ఫిర్యాదంతా "కనీసం"లోనూ "కూడా"లోనూ ఉంది. "మళ్లీ", "కావాలనే", "ఎప్పుడూ ఇంతే" కూడా ఆ బాపతే. గీసేయండి. గీసేటప్పుడు చెయ్యి ఆడకపోతే, మీరు వెతుకుతున్నది అక్కడే దొరికినట్టు.

ఇంకో మాట. కొట్టేసిన చోట "అంతా మన మంచికే" అని రాసేవాళ్లున్నారు. అదీ తగిలించిన తీర్పే, తియ్యగా ఉందంతే. నాలుగు రోజులకు ఊడిపోతుంది.

లక్షణం: "రాయిలా తయారయ్యావు" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు

వాళ్ల మాటే నిజం కావచ్చు. విగ్రహంలా చలనం లేకుండా ఉండకూడదనీ, కొడుకుగా, తండ్రిగా, పౌరుడిగా చేయాల్సినవి చేయాలనీ ఎపిక్టెటసే చెప్పాడు. ఆస్పత్రిలో అత్తయ్య ఉంటే వెళ్లి కూర్చోండి.

అరుదైనవి

రాబోయే కష్టాలు ముందే ఊహించుకునే అభ్యాసంతో గుండెదడ పెరిగితే రాత్రిపూట మానేయండి. ఎపిక్టెటస్ స్నానశాలకు బయల్దేరే ముందు, అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లూ, తోసేవాళ్లూ, తిట్టేవాళ్లూ, దొంగలూ ఉంటారని గుర్తుచేసుకోమన్నాడు. అంత చిన్నగా, పనికి ముందు చేస్తే చాలు. ఇంట్లో అందరికీ బోధించడం మొదలుపెట్టి గొడవలు వస్తుంటే, బోధించడం ఆపండి. వారాల తరబడి తిండీ నిద్రా లేకపోతే నోటుబుక్ పక్కనబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.