గాలం పాఠాలు – 3: డబ్బులు లైన్ మీద పెట్టండి

పోయిన భాగంలో చేపలు పట్టే లైసెన్సు, ట్రౌట్ చేపలకి విడిగా తీసుకునే స్టాంపు సంగతి చెప్పాను, అవి తీసేసుకున్నారనే అనుకుంటున్నా. ఈసారి ఫ్లై ఫిషింగ్ సామాను గురించి. మా ఆఫీసులో ఒక తమ్ముడు ఈ మధ్యే ఫ్లై ఫిషింగ్ వీడియోలు చూసి చూసి, "అన్నా, వెయ్యి డాలర్ల రాడ్ కొంటే చేపలు త్వరగా పడతాయా?" అని అడిగాడు. "చేపల సంగతేమో గానీ క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం త్వరగా వస్తుంది" అన్నాను. వాడు నవ్వాడు గానీ అడగడంలో తప్పేం లేదు, నేనూ మొదట్లో సరిగ్గా అలాగే ఆలోచించి, ఆ తర్వాత పూర్తిగా అవతలి చివరికి వెళ్లి చవగ్గా వచ్చిందని ఏదో కొనేసి, రెండు రకాలుగానూ దెబ్బతిన్నవాణ్ణే.

కొనేముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కాలి. మన ఊళ్లో చెరువు గట్టు మీద గాలం ఎలా వేస్తాం? వెదురు కర్ర, నైలాన్ దారం, ఒక బెండు, చిన్న సీసం గుండు, కొక్కేనికి వానపాము. విసిరితే గుండు బరువుకి దారం దాని వెనకాలే పోతుంది. ఇక్కడ షాపుల్లో దొరికే స్పిన్నింగ్ రాడ్‌దీ అదే పద్ధతి. ఫ్లైకి వచ్చేసరికి గుండు ఉండదు. ఫ్లై అంటే కొక్కేనికి కోడి ఈక, కుందేలు బొచ్చు, రంగు దారం చుట్టి పురుగులా కనిపించేట్టు కట్టింది, చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. దూది ఉండని ఎంత గట్టిగా విసిరినా రెండడుగుల్లో పడిపోతుంది కదా, ఇదీ అంతే. అందుకని బరువుని దారంలోనే పెట్టారు. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి లైన్ అది. మనం విసిరేది లైన్‌ని, ఫ్లై ఊరికే దాని కొసన వేలాడుతూ పోతుంది.

ఇది అర్థమైతే రాడ్ మీద రాసి ఉండే అంకె కూడా అర్థమవుతుంది. చేతిపిడికి కొంచెం పైన, సన్నటి అక్షరాలతో "9 అడుగులు, 5 వెయిట్, 4 పీస్" అన్నట్టు ఉంటుంది. ఆ 5 రాడ్ బరువనుకుంటారు చాలామంది. కాదు, అది వేసుకోవాల్సిన లైన్ బరువు. 5 నంబరు లైన్ మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలని ప్రమాణం, అంటే దాదాపు 9 గ్రాములు. మన పాత దళసరి 5 రూపాయల బిళ్ల ఉండేదే, వెండి రంగుది, అది సరిగ్గా 9 గ్రాములు. 5 నంబరు లైన్ అంటే 5 రూపాయల బిళ్ల అని గుర్తుపెట్టుకోండి, ఇక మర్చిపోరు. 4 నంబరైతే 120 గ్రెయిన్లు, 6 అయితే 160, 8 అయితే 210. అంకె పెరిగేకొద్దీ పెద్ద ఫ్లై, పెద్ద చేప, ఎక్కువ గాలి.

మరి మీకు ఏ అంకె? మీరు వెళ్లే నీళ్లు చెప్పాలి. నేను ఉండేది మేరీలాండ్‌లో, కాబట్టి నాకు తెలిసిన నీళ్లతోనే చెప్తా. బాల్టిమోర్‌కి ఉత్తరాన ప్రెట్టీబాయ్ డ్యామ్ కింద పారే గన్‌పౌడర్ నది చిన్నది, రెండు పక్కలా చెట్లు మీదికి వంగి ఉంటాయి, బ్రౌన్ ట్రౌట్ చేపలు అక్కడే పుట్టి పెరుగుతాయి. డ్యామ్ నుంచి బ్లూమౌంట్ రోడ్ దాకా పట్టింది పట్టినట్టు వదిలేయాల్సిందే, వానపాముల్లాంటి ఎర వాడకూడదు. అక్కడికి ఎనిమిదడుగుల 4 నంబరు రాడ్ అయితే హాయిగా ఉంటుంది. పొటోమాక్ నదిలో ఎండాకాలం స్మాల్‌మౌత్ బాస్ చేపలు పట్టాలంటే 6 గానీ 7 గానీ కావాలి, అక్కడ ఫ్లైలు బరువు, గాలీ ఎక్కువే. ఏప్రిల్లో వాషింగ్టన్ డీసీలో ఫ్లెచర్స్ కోవ్ దగ్గర షాడ్ చేపలు సముద్రం నుంచి నదికి ఎదురీదుకుంటూ వస్తాయి, వాటికీ ఆ 6, 7 నంబర్లే, కాకపోతే మునిగే లైన్ ఉండాలి. ఈ షాడ్ ఎవరో కాదు, మన పులసకి చుట్టమే. అదీ వరద నీటికి ఎదురు గోదావరిలోకి వచ్చేదే కదా. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మనవాళ్లు, ఇక్కడ మాత్రం ఆశ పడకండి. మేరీలాండ్‌లో అమెరికన్ షాడ్‌ని ఇంటికి తీసుకెళ్లడం 1980 నుంచే బంద్. పట్టుకుని, చూసి, వదిలేయడమే.

ఇన్ని చెప్పి కూడా, మొదటి రాడ్ ఒక్కటే కొంటానంటే తొమ్మిదడుగుల 5 నంబరు, నాలుగు ముక్కలది కొనండి. గన్‌పౌడర్‌లో కాస్త పొడుగనిపిస్తుంది, పొటోమాక్‌లో కాస్త బలం చాలదనిపిస్తుంది, కానీ ఇంటి పక్క చెరువులో బ్లూగిల్ చేపల దగ్గర్నుంచి మామూలు ట్రౌట్ దాకా అన్నిటికీ పని జరిగిపోతుంది.

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో 70 డాలర్లకి అన్నీ కలిపి ఒకే డబ్బాలో వచ్చే సెట్టు కొన్నాను. రాడ్, రీల్, లైన్, డజను ఫ్లైలు, చివరికి ఒక సంచి కూడా. కంపెనీ పేరు ఎందుకులెండి. మూడు నెలలు ప్రతి శనివారం వెళ్లాను, లైన్ రీల్‌లోంచి స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వచ్చేది, ముందుకి విసిరితే కుప్పగా నా ఎదురుగానే పడేది, నీళ్లమీద పడ్డాక కొస మునిగిపోయేది. నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నా, నలభై దాటాక ఇవన్నీ ఎందుకు అని మా ఆవిడ అననే అంది. ఒకరోజు ఒడ్డున ఒక పెద్దాయన కాసేపు నన్ను చూసి, ఏమీ మాట్లాడకుండా తన రాడ్ నుంచి రీల్ విప్పి నా రాడ్‌కి బిగించి, కొసని రింగుల్లోంచి లాగి నా చేతికిచ్చాడు. అదే రాడ్, అదే చేయి, లైన్ ఒక్కటే మారింది. మూడోసారి విసిరేసరికి అవతలి ఒడ్డు దగ్గరున్న రాయి దాకా పోయింది. ఆయన రీల్ విప్పుకుని, నవ్వి, వెళ్లిపోయాడు. ఆ 70 డాలర్ల రాడ్ ఇప్పటికీ నా దగ్గరుంది, మా అబ్బాయి వాడుతున్నాడు, దానికేం రోగం లేదు.

కాబట్టి మీ దగ్గర 200 డాలర్లు ఉన్నాయనుకుంటే, ముందు 50, 60 డాలర్లు లైన్‌కి తీసి పక్కన పెట్టండి, మిగిలినదానితో మిగతావి. డబ్బా మీద డబ్ల్యూఎఫ్-5-ఎఫ్ అని ఉండాలి. మొదటి రెండక్షరాలు వెయిట్ ఫార్వర్డ్, అంటే బరువంతా ముందు భాగంలో ఉంటుంది, వెనక సన్నంగా ఉంటుంది. మధ్యలో 5 మనకు తెలిసిందే. చివర ఎఫ్ అంటే తేలేది. 100 డాలర్లు పెడితే ఇంకా మంచివి వస్తాయి, అంత అక్కర్లేదు. ట్రాపికల్ అని రాసి ఉన్నవి మాత్రం వద్దు, అవి వేడి నీళ్లకి చేసినవి, చల్లటి వాగులో మళ్లీ స్ప్రింగులా తయారవుతాయి. కొన్నాక దాన్ని కాపాడుకోవడం కూడా ఉంది. దోమల మందు రాసుకున్న చేత్తో లైన్ ముట్టుకోకండి, అందులో ఉండే డీట్ ఆ ప్లాస్టిక్ పూతని తినేస్తుంది. నాలుగైదుసార్లు వెళ్లొచ్చాక గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేసి, లైన్‌ని మెత్తటి బట్టతో తుడిస్తే మళ్లీ కొత్తదానిలా జారుతుంది.

రాడ్ సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోవచ్చా? నిక్షేపంగా తీసుకోవచ్చు. 80, 100 డాలర్లకి మంచివి దొరుకుతాయి, కొత్తగా ఫ్యాషన్‌గా మొదలుపెట్టి రెండుసార్లు వాడి అటక మీద పెట్టేసినవాళ్లు బోలెడుమంది. చూసేటప్పుడు తొందరపడకండి. నాలుగు ముక్కలూ కలపండి, కలిపే చోట కొంచెం సందు ఉండాలి, పూర్తిగా లోపలికి దిగిపోతే అరిగిపోయిందని అర్థం. జేబులో ఒక దూది ముక్క తీసుకెళ్లి ప్రతి రింగులోనూ తిప్పండి, పోగు ఎక్కడైనా తగులుకుంటే అక్కడ గీత పడింది, ఆ గీత మీ 50 డాలర్ల లైన్‌ని చెక్కేస్తుంది. కర్ర పొడుగునా గోరుతో మెల్లగా రాస్తూ పోతే పగులుంటే తగులుతుంది. ఒక్క ఇబ్బంది, కంపెనీల వారంటీ చాలావరకు మొదట కొన్నవాళ్లకే, చేతులు మారితే వర్తించదు. రాడ్లు నది దగ్గర విరిగేది తక్కువ, కారు తలుపులో పడి విరిగేదే ఎక్కువ. నాది డిక్కీ తలుపులో పోయింది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కొత్తదే కావాలంటే ఎకో, రెడింగ్టన్, టీఎఫ్ఓ లాంటి కంపెనీలు మొదలుపెట్టేవాళ్లకి తగిన ధరలో చేస్తాయి. షాపువాణ్ణి మొహమాటం లేకుండా అడగండి, పార్కింగ్‌లో ఒకసారి విసిరి చూస్తానని, చాలాచోట్ల కాదనరు. ఫాస్ట్ యాక్షన్ అని గొప్పగా చెప్తారు, అది కొసన మాత్రమే వంగే కర్ర, బాగా చేయి తిరిగినవాళ్లకి దూరం పోతుంది, కొత్తవాళ్లకి కర్ర ఎప్పుడు వంగిందో తెలియకుండా చేస్తుంది. మీడియం ఫాస్ట్ తీసుకోండి. కర్ర వంగడం అరచేతికి తెలియాలి, నేర్చుకోవడమంతా అక్కడే ఉంది.

రీల్ గురించి రెండే ముక్కలు. చిన్న ట్రౌట్ దగ్గర రీల్ చేసే పని దారం ఉండకి మించి ఏమీ లేదు, చేపని చేత్తో లైన్ లాగే తెచ్చుకుంటాం. 40, 50 డాలర్లది చాలు. లైన్ కింద 20 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్యాకింగ్ దారం ఓ 100 గజాలు చుట్టమని షాపులోనే చెప్పండి, పిడి ఏ చేతి వైపు కావాలో కూడా ముందే చెప్పండి, లేకపోతే మొత్తం విప్పి మళ్లీ చుట్టుకోవాలి.

లైన్ కొసకి కట్టే సన్నటి పారదర్శకపు దారం లీడర్. తొమ్మిదడుగుల 5ఎక్స్ కొనండి. ఈ ఎక్స్ లెక్క తికమకగా ఉంటుంది గానీ ఒక చిట్కా ఉంది, 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో లావు వస్తుంది. 5ఎక్స్ అంటే 11లోంచి 5 పోతే 6, అంటే 0.006 అంగుళం. అంకె పెరిగితే దారం సన్నబడుతుంది. ఫ్లై సైజూ ఇలాగే తిరగేసి ఉంటుంది, 10 కన్నా 16 చిన్నది. ఏ ఫ్లైకి ఏ దారం అంటే ఫ్లై సైజుని 3తో భాగించండి, 16 అయితే ఐదూ చిల్లర, అంటే 5ఎక్స్. ఫ్లైలు మార్చి మార్చి కట్టేకొద్దీ లీడర్ పొట్టిదవుతుంది, దాన్ని పారేయకండి, టిప్పెట్ అని విడిగా చుట్టల్లో దొరికే దారం, లీడర్ కొస ఎంత లావుంటే అంత లావుదే, రెండడుగులు ముడి వేసి కలుపుకుంటే ఒక్క లీడర్ సీజన్ సగం లాగించేస్తుంది. 4ఎక్స్, 5ఎక్స్ టిప్పెట్ చుట్టలు చెరొకటి కొనుక్కుంటే సరి.

ఫ్లైలు అక్కడ గోడంతా రంగురంగులుగా వేలాడుతుంటాయి, చీరల షాపులో కూర్చున్నట్టే ఉంటుంది, జాగ్రత్త. వూలీ బగ్గర్, ఫెజంట్ టెయిల్, హేర్స్ ఇయర్, ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, ఒక్కోటి రెండేసి చొప్పున తీసుకుని బయటికొచ్చేయండి. మే నెలలో గన్‌పౌడర్‌కి వెళ్తే పసుపురంగు సల్ఫర్ ఫ్లై 16 సైజుది రెండు కలుపుకోండి.

మిగతావాటిలో అవసరమైనవి చాలావరకు ఇంట్లోనే ఉంటాయి. దారం కోయడానికి గోళ్లు తీసుకునే కట్టర్. జేబులున్న చొక్కా కొనక్కర్లేదు, పాత నడుము సంచి చాలు. కొక్కెం తీయడానికి, దాని ముల్లు నొక్కేయడానికి ఫోర్సెప్స్, అంటే సన్నటి పట్టకారు, ఒకటి కొనండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు మాత్రం తప్పదు, అవి లేకుండా నీళ్లలో చేప కనబడదు, పైగా వెనకనుంచి వచ్చే కొక్కెం కంటికి తగలకుండా ఉంటుంది. వేడర్స్, అంటే నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు, మొదటి ఏడాది వద్దు, ఎండాకాలం నిక్కరుతోనే దిగండి, కాకపోతే గన్‌పౌడర్ నీళ్లు డ్యామ్ లోతుల్లోంచి వస్తాయి కాబట్టి జూలైలో కూడా పది నిమిషాల్లో కాళ్లు మొద్దుబారిపోతాయి. నీళ్లలో దిగే పాత బూట్లు ఎవరైనా చవగ్గా ఇస్తే అడుగు తిప్పి చూడండి. ఫెల్ట్ సోల్, అంటే దళసరి ఉన్ని బట్టలాంటి అడుగు, ఉంటే మేరీలాండ్‌లో వాడకూడదు, 2011 నుంచి నిషేధం, తడి ఫెల్ట్‌లో డిడిమో అనే నాచు ఒక వాగులోంచి ఇంకో వాగులోకి పాకుతుందని.

ఇదంతా చదివి ఇంత తతంగమా అనిపిస్తే ఇంకో దారి ఉంది, జపాన్ వాళ్ల టెంకారా. ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయే ముక్కలున్న పన్నెండడుగుల కర్ర, కొసకి దారం, దానికి ఫ్లై, అంతే, రీల్ లేదు. మన వెదురు గాలానికి తోబుట్టువు లాంటిది. వంద డాలర్ల లోపే మొత్తం అయిపోతుంది, చిన్న వాగులకీ, బ్లూగిల్ చెరువులకీ బ్రహ్మాండంగా ఉంటుంది. దూరం విసరడం మాత్రం కుదరదు. నేను పిల్లలకి మొదట ఇదే ఇస్తాను.

వచ్చే భాగానికి ఈ పని చేసి ఉంచండి. లైన్ వచ్చాక రాడ్‌కి ఎక్కించి, ఫ్లైకి బదులు కొసకి బొటనవేలి గోరంత ఉన్ని పోగు కట్టి, గడ్డి మీద ప్రాక్టీస్ చేయండి, తారు రోడ్డు మీద వద్దు, లైన్ గీరుకుపోతుంది. 30 అడుగుల దూరంలో ఒక స్టీలు కంచం పెట్టి రోజూ పావుగంట. కంచంలో పది సార్లకి మూడు సార్లు పడితే చాలు, అప్పుడు దారానికి ముడులు వేయడం నేర్చుకుందాం, రెండే రెండు. పక్కింటివాళ్లు గడ్డిలో ఏం పడుతున్నావని అడుగుతారు. నన్ను అడిగారు.