మెదడు అనుసంధాన స్కాన్ ఫలితాన్ని చదవడం ఎలా

డిమెన్షియా ముప్పున్న పెద్దవారి మెదడు అనుసంధానంపై వెలువడిన ఫలితాన్ని చదివేటప్పుడు, ముందుగా స్కాన్ ఎలా తీశారో చూడండి. మెదడు పనితీరును చూపే విశ్రాంతి స్థితి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ అనే స్కాన్‌లో మనిషి ఏ పనీ చేయకుండా పడుకుని ఉండగా యంత్రం మెదడు రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులను నమోదు చేస్తుంది. అవి రెండు భాగాల్లో ఒకే లయలో సాగితే అనుసంధానం ఉన్నట్టు లెక్క, అంతేగాని వాటిని కలిపే నరాల తీగ కనిపించినట్టు కాదు. తర్వాత డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌ను, అంటే ఏ పనీ లేనప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాల సమూహాన్ని, వెతకండి. డిమెన్షియాకు ప్రధాన కారణమైన అల్జీమర్స్‌లో అది బలహీనపడుతుందని 2004లోనే గుర్తించారు. అయితే తొలిదశలో కొన్నిచోట్ల అనుసంధానం పెరగవచ్చు కూడా, కనుక పెరుగుదలను ఆరోగ్య సూచనగా తీసుకోకండి. అన్నిటికన్నా నిశితంగా చూడవలసింది తల కదలికను: పిసరంత కదిలినా దూరపు భాగాల అనుసంధానం తగ్గినట్టు, దగ్గరివాటిది పెరిగినట్టు లెక్క తప్పుతుంది. పైగా వృద్ధులు యువకులకన్నా ఎక్కువ కదులుతారు. దీన్ని ఎలా సవరించారో చెప్పని ఫలితాన్ని నేనైతే పక్కన పెడతాను.