టీకా వేయించాక పిల్లి నీరసంగా ఉందా? ముందు ట్రే చూడండి

"డాక్టర్ గారూ, నిన్న ఇంజెక్షన్ వేయించాం. ఇవాళ లేవట్లేదు, తిండి ముట్టలేదు. టీకా వికటించిందంటారా?" విజయవాడలో పిల్లులు పెంచేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. జూలై 6న పశువైద్యశాలల్లో ఉచిత రేబిస్ టీకాలు వేసిన మర్నాడు మరీ ఎక్కువ. నేను తిరిగి అడిగేవి రెండే: సూది పడి ఎన్ని గంటలైంది? ఆ తర్వాత ఉచ్చ పోసిందా? మొదటిదానికి ఠక్కున చెబుతారు. రెండోదానికి "పోసే ఉంటుందండీ" అంటారు. ఆ "ఉంటుంది" అన్న మాటతోనే కొన్ని పిల్లులు చేయిదాటిపోతున్నాయి. ఎన్నిసార్లు చెప్పినా ట్రే, అంటే పిల్లి ఉచ్చ పోసే ఇసుక పళ్లెం, చూడకుండానే ఫోన్ చేస్తున్నారు కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నాను. పిల్లిని పట్టుకోవడం, తువ్వాల్లో చుట్టడం, జ్వరం చూడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: ముడుచుకుని పడుకుంటోంది, తిండి తగ్గింది, ఒళ్లు వెచ్చగా ఉంది

సూది పడిన రోజు సాయంత్రం నుంచి మర్నాటి దాకా ఇలా ఉంటే చాలావరకు టీకా పనే. లోపల రోగనిరోధక శక్తి మేలుకుంటోంది, దాంతో పాటు కాస్త జ్వరం, నీరసం వస్తాయి. సాధారణంగా 24 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో తగ్గిపోతుంది. పిల్లికి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, కాబట్టి మన చేతికి వెచ్చగా తగలడం జ్వరం కాదు. చెవులు ముట్టుకుని, నుదుటికి గురిపెట్టే థర్మామీటర్‌తో చూసి చెప్పే లెక్కలు నాకొద్దు. మలద్వారంలో పెట్టి చూసిందే లెక్క. 103 దాకా ఉంటే ఊరుకోండి. 104 దాటితే తీసుకురండి.

చేయాల్సింది తక్కువే. ఫ్యాను కింద చల్లటి గది, పక్కనే నీళ్లు, ఉప్పూ ఉల్లీ వేయకుండా ఉడికించిన చికెన్, ఆ ఉడికిన నీళ్లు గోరువెచ్చగా. వాసన తగిలితే చాలా పిల్లులు నోరు పెడతాయి. బలవంతంగా గొంతులో పోయొద్దు. పెద్ద పిల్లి ఒక పూట మానేసినా ఏమీ కాదు. పూర్తిగా 24 గంటలు ఏమీ తినకపోతే మాత్రం ఫోన్ చేయండి, బాగా లావుగా ఉన్నది అయితే మరీ ముఖ్యం. లావు పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి అది వేరే జబ్బు అవుతుంది. కూనలకు అంత గడువు కూడా లేదు. సగం రోజు తినకపోయినా చూపించాల్సిందే.

ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ల మాత్రం వేయకండి. డోలో, క్రోసిన్, పిల్లలకు పట్టించే పారాసెటమాల్ సిరప్, ఏదైనా సరే. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఆ విషం రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. మనిషికి వేసే ఒక్క బిళ్ల పిల్లిని చంపడానికి చాలు. "చిన్న ముక్కే వేశామండీ" అన్నా నేను వెంటనే బయల్దేరమంటాను. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా అంతే.

సమస్య: అదే నీరసం, కానీ ఇసుక తడవలేదు

ఇదీ అసలు సంగతి. గండుపిల్లి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ఇది చదవాలి, ఆపరేషన్ చేయించినదైనా సరే.

టీకా రోజు పిల్లికి ఏం జరుగుతుందో చూడండి. బుట్టలో కుక్కి, ఆటోలో బెంజి సర్కిల్ హారన్ల మధ్య తీసుకొస్తారు. ఆసుపత్రి వరండాలో కుక్కలు మొరుగుతుంటాయి. ఎవరో కొత్తవాళ్లు పట్టుకుని సూది గుచ్చుతారు. పిల్లికి ఇంతకు మించిన హడావుడి లేదు. ఆ బెదురు కొన్ని పిల్లుల్లో మూత్రాశయం మీద పడుతుంది, లోపలి పొర వాస్తుంది. గండుపిల్లి మూత్రనాళం చివర బాగా సన్నం. వాచిన పొర నుంచి ఊడిన జిగురు, సన్నటి ఇసుకలాంటి పలుకులు అక్కడ అడ్డం పడితే దారి మూసుకుపోతుంది. ఆడపిల్లులకూ మంట వస్తుంది గానీ వాటి నాళం వెడల్పు, పొట్టి. అందుకని మూసుకుపోవడం చాలా అరుదు.

మన ఊళ్లో దీనికి మరో రెండు తోడవుతాయి. ఒకటి ఎండ. మార్చి నుంచి జూన్ దాకా బెజవాడలో పిల్లి ఒంట్లో నీరు ఊరికే ఆవిరైపోతుంది. రెండోది, పొద్దున్నా సాయంత్రం పొడి గుళికలే పెట్టడం. నీళ్లు చాలక మూత్రం చిక్కగా అవుతుంది, పలుకులు త్వరగా కడతాయి. రెండు నుంచి ఏడేళ్ల మధ్య వయసు, గది దాటని బతుకు, కాస్త ఒళ్లు చేసిన గండుపిల్లి అయితే నేను మరింత జాగ్రత్త పడతాను.

ఇది దొంగలా దాక్కోవడానికి కారణం ఉంది. దారి మూసుకున్న మొదటి రోజు పిల్లి ఎలా ఉంటుంది? మూలన దాక్కుంటుంది, తినదు, ముట్టుకుంటే విసుక్కుంటుంది. టీకా నీరసం కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఇంటివాళ్లు ఫోన్ చేస్తే అవతలి డాక్టరు "రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అంటారు. విన్న లక్షణాలకు ఆ మాటలో తప్పులేదు. ట్రే సంగతి ఎవరూ ఎత్తరు. రెండో రోజు వాంతులు మొదలవుతాయి, "టీకా పడలేదు" అనుకుని ఇంకో పూట ఆగుతారు. ఈలోగా మూత్రంతో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె వేగం తగ్గుతుంది. మూడో రోజు ఒళ్లు చల్లబడ్డాక తీసుకొస్తారు. అలా వచ్చిన పిల్లుల్లో కొన్నింటిని నిలబెట్టగలిగాం, కొన్నింటిని నిలబెట్టలేకపోయాం. అన్ని ఇళ్లలోనూ టీకానే తిట్టుకున్నారు, ఇంకెప్పుడూ వేయించబోమన్నారు.

పసిగట్టడానికి ఇవి చూడండి. ట్రేలోకి పదే పదే వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, చుక్క రాదు, లేదా రక్తం కలిసిన ఒకటి రెండు చుక్కలు వస్తాయి. వెనక భాగాన్ని ఆపకుండా నాకుతుంది. ట్రేలో కూర్చునే అరుస్తుంది. ముక్కడం చూసి మలబద్ధకం అనుకుని ఆముదమో నెయ్యో పట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పొట్ట కింద, వెనక కాళ్లకు కాస్త ముందు, వేళ్లతో మెల్లగా తడమండి. నిండు నిమ్మకాయలా గట్టిగా ఉండ తగిలి, పిల్లి అరిస్తే ఇక ఆలోచించొద్దు. నొక్కి పోయించాలని చూడొద్దు, మూత్రసంచి పగులుతుంది.

గడువు ఇలా పెట్టుకోండి. ముక్కుతోంది, రావట్లేదు అంటే అర్ధరాత్రి అయినా సరే అప్పుడే బయల్దేరాలి. ముక్కడం లేదు, బెదిరి దాక్కుంది, ఉచ్చ మాత్రం పోయలేదు అంటే సగం రోజు చూడొచ్చు, కొత్త బెదురుకు కొన్ని పిల్లులు బిగబట్టుకుంటాయి. అది 24 గంటలకు చేరకూడదు. ఆసుపత్రిలో మత్తిచ్చి నాళంలోంచి సన్నటి గొట్టం వేసి దారి తెరుస్తారు, సెలైన్ ఎక్కిస్తారు, గొట్టాన్ని సాధారణంగా రెండు మూడు రోజులు ఉంచుతారు. ఆ సదుపాయం మీ దగ్గరున్న క్లినిక్‌లో ఉందో లేదో ముందే కనుక్కోండి. గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి ఏయే వేళల్లో ఉంటుందో కూడా రాసిపెట్టుకోండి. బార్లీ నీళ్లు, పల్లేరుకాయల కషాయం, మనం మూత్రం మంటకు తాగే సిరప్‌లు మూసుకున్న దారిని తెరవలేవు. మూత్రం ఎక్కువ వచ్చే మందులైతే ప్రమాదాన్ని పెంచుతాయి, నిండిన సంచిని ఇంకా నింపుతాయి. దారి తెరిచాక మొదటి వారం మళ్లీ మూసుకునే అవకాశం ఎక్కువ. ఆ వారమంతా ట్రే మీదే కన్నుండాలి. తడి ఆహారం పెట్టండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి.

"మా పిల్లి బయట పోసుకుంటుంది, మాకెలా తెలుస్తుంది?" అంటారు. సత్యనారాయణపురంలోనూ భవానీపురంలోనూ సగం పిల్లులు పక్కింటి డాబా మీదే తిరుగుతాయి, నాకు తెలుసు. అందుకే టీకా వేయించిన రోజు, మర్నాడు బయటికి వదలకండి. ఒక గదిలోనో బాత్రూంలోనో ఉంచి, పొడి ఇసుక పోసిన ట్రే పెట్టండి. తడిసిన చోటు గట్టిపడి కనిపిస్తుంది, దాన్ని తీసి పారేసే ముందు ఎంత ఉందో చూడండి. పెద్ద పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు పోస్తుంది. బాత్రూంలో అయితే నీళ్లు పోయే జాలీ మీద ఒక పళ్లెం బోర్లించండి. చాలా పిల్లులు నేరుగా జాలీలోనే పోస్తాయి, మీకు ఆనవాలు దొరకదు. ఇంట్లో రెండు మూడు పిల్లులుంటే టీకా వేయించినదాన్ని విడిగా ఉంచాల్సిందే, లేకపోతే ఎవరి ఉచ్చో తేలదు.

విడిగా ఉంచడంలో ఇంకో లాభం ఉంది. ఆసుపత్రి వాసనతో వచ్చిన పిల్లిని ఇంట్లో ఉన్నది పోల్చుకోలేక బుసకొడుతుంది, తరుముతుంది. అది మంచం కింద దూరితే టీకా నీరసమనుకుంటారు. ఒక రోజు వేరే గది, అది పడుకున్న గుడ్డను రెండోదాని దగ్గర పెట్టడం, అంతే.

సమస్య: ఇంటికి రాగానే నోరు తెరిచి రొప్పుతోంది

వేసవిలో ఇది టీకా కంటే ఎండ వల్లే ఎక్కువ. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పన్నెండింటికి, గాలి ఆడని బుట్టలో, బండి మీద తెస్తే ఏ పిల్లయినా రొప్పుతుంది. నీడకు చేర్చి ఫ్యాను వేసి, పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడవండి. ఐసు నీళ్లు పోయకండి. పది పదిహేను నిమిషాల్లో నోరు మూసుకుని ఊపిరి తీయకపోతే, లేదా నడక తూలుతుంటే, తిరిగి ఆసుపత్రికి. రొప్పుడు తోటే వాంతులు, మొహం వాపు, మొహం విపరీతంగా గోకడం, చిగుళ్లు తెల్లబడటం ఉంటే అది ఎలర్జీ. నిమిషాల్లో, లేదా కొద్ది గంటల్లో వస్తుంది, చాలా అరుదు. వచ్చిందంటే ఇంట్లో చేసేదేమీ లేదు, పరుగెత్తాలి.

సమస్య: కూన మూడు నాలుగు రోజులు బాగుండి, అప్పుడు పడిపోయింది

ఇక్కడ గంటల లెక్క పనికొస్తుంది. టీకా నీరసం మొదటి రోజే వస్తుంది, మూడో రోజు కొత్తగా మొదలవదు. వాంతులు, నీళ్ల విరేచనాలు, నీళ్ల గిన్నె మీద తల వాల్చి తాగకుండా కూర్చోవడం కనిపిస్తే పాన్‌ల్యూకోపీనియా (పిల్లులకు వచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బు) అని భయపడండి. ఆ వైరస్ ఒంట్లోకి చేరాక సాధారణంగా రెండు నుంచి పది రోజులకు బయటపడుతుంది. కూన దాన్ని టీకాకు ముందే ఎక్కడో తగిలించుకుని ఉంటుంది, టీకా బలం రావడానికి వారం పడుతుంది. టీకా ఇచ్చిన జబ్బు కాదది, టీకా కాస్త ఆలస్యమైన జబ్బు. ఒక్క గంట కూడా వృథా చేయకుండా ఆసుపత్రికి చేర్చండి.

సమస్య: సూది పడిన చోట ముద్ద

రేబిస్ టీకా తర్వాత ఎక్కువ. శనగగింజంత ముద్ద, ముట్టుకుంటే కాస్త నొప్పి, కాలికి వేసి ఉంటే ఒక రోజు కుంటడం కూడా మామూలే. రుద్దకండి. పసుపు, జండూబామ్ లాంటివి రాయకండి, నాకి మింగేస్తుంది. సాధారణంగా రెండు మూడు వారాల్లో కరుగుతుంది. మూడు నెలలు దాటినా ఉంటే, రెండు సెంటీమీటర్లు మించితే, లేదా నెల తర్వాత కూడా పెరుగుతూ ఉంటే ముక్క తీయించి పరీక్ష చేయించాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా చాలు. సూది చోట పుట్టే కేన్సర్ వేల పిల్లుల్లో ఒకదానికి వచ్చేది, దానికి భయపడి టీకా మానేయడం అసలు లెక్కకే రాదు. కుక్క కాటు, పిల్లి గీరుడు మన వీధుల్లో రోజూ చూస్తున్నాం, రేబిస్ వస్తే మందు లేదు.

ఒకటి రెండు తుమ్ములు, సూది చోట రాలిన నాలుగు వెంట్రుకలు పట్టించుకోనక్కర్లేదు.

వచ్చే డోసుకు

పొద్దున్నే తీసుకురండి. ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు, ఏదైనా తేడా వస్తే సాయంత్రం దాకా క్లినిక్ తెరిచే ఉంటుంది. శనివారం సాయంత్రం మాత్రం వద్దు. బుట్టను రెండు రోజుల ముందే ఇంట్లో తెరిచిపెట్టి దాంట్లోనే తిండి పెడితే బెదురు తగ్గుతుంది, పైన గుడ్డ కప్పి తెస్తే ఇంకా తగ్గుతుంది. వెనకటి డోసుకు మొహం వాచినా, వాంతులైనా, ఉచ్చ ఆగినా సూది తీయకముందే డాక్టరుకు చెప్పండి. టీకా పుస్తకంలో సీసా మీది స్టిక్కర్‌తో పాటు ఏ కాలికి, ఎన్నింటికి వేశారో కూడా రాయించుకోండి. నాకు ఫోన్ చేసేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉంచుకుని, ట్రే చూసొచ్చి చేయండి.