ఎన్‌వీడీఏ నేర్చుకుందాం, 4వ పాఠం: కావాల్సిన మాట దగ్గరికి సూటిగా

తెరమీది రాతని చూపులేనివాళ్ళకి చదివి వినిపించే ఎన్‌వీడీఏతో పోయిన పాఠంలో హెచ్ కొడుతూ హెడింగుల మీద దూకడం చూశాం కదా, హెడింగులే లేని నలభై పేజీల నోటిఫికేషన్ ఎదురైతే ఆ విద్య పనిచెయ్యదు, వెతుక్కోవాల్సిందే.

క్రోమ్‌లో అందరూ కంట్రోల్ ఎఫ్ కొడతారు. కొట్టొచ్చు, కానీ చూపున్నవాళ్ళకి మాట మీద రంగు పడుతుంది, మనం చదివే కర్సర్ మాత్రం చాలాసార్లు ఉన్నచోటే ఉండిపోతుంది, కొత్తలో నేనైతే దొరికిందంటోంది మరి ఏదీ అని బుర్ర గోక్కున్నా. అందుకే ఎన్‌వీడీఏ సొంత ఫైండ్ వాడండి. వెతకడం కర్సర్ ఉన్న చోటు నుంచి కిందకి మొదలవుతుంది కాబట్టి ముందు కంట్రోల్ హోమ్ కొట్టి పైకి వెళ్ళండి, తర్వాత ఇన్సర్ట్, కంట్రోల్, ఎఫ్ మూడూ కలిపి నొక్కి, మాట టైప్ చేసి ఎంటర్. కర్సర్ అక్కడికే వెళ్తుంది, యారోలతో పైలైనూ కిందలైనూ వినండి. కావాల్సిన చోటు ఇది కాకపోతే, అదే మాట తర్వాత ఎక్కడుందో చూడ్డానికి ఇన్సర్ట్ ఎఫ్3, వెనక్కి రావాలంటే దానికి షిఫ్ట్ కూడా.

అసలు తిప్పలు తెలుగుతోనే. ఒకసారి "జీతం" అని వెతికితే లేదంది, తీరా లైన్ లైన్ వింటే అంతటా "జీతాలు", "జీతభత్యాలు" అనే ఉంది! మన మాటల చివర మారిపోతుంది కాబట్టి మొదలు మాత్రం ఇవ్వండి, "జీత" చాలు. "ఇళ్ళు" అని ఒకరు, "ఇళ్లు" అని ఇంకొకరు రాస్తారు, చెవికి తేడా తెలీదు, వెతుకులాటకి తెలుస్తుంది, "ఇళ్" దాకా కొడితే రెండూ తగులుతాయి. "ఇంటికి" మాత్రం వేరేగా వెతుక్కోవాలి, దానికి మందు లేదు.

వర్డ్‌లో మామూలు కంట్రోల్ ఎఫ్ చాలు, మాట కొట్టి ఎంటర్, దొరికాక ఎస్కేప్ కొడితే డాక్యుమెంట్‌లోకి వచ్చేస్తారు.

ఇక ఏం కొట్టినా దొరకని పీడీఎఫ్‌లు. స్కాన్ చేసినదైతే అది ఫోటో, అందులో అక్షరాలే ఉండవు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినదైతే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వినపడతాయి, తప్పు మీది కాదు, యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో కొట్టిన ఫైల్ ఇమ్మని అడగండి.

ఇంటిపని: తెలుగు వికీపీడియాలో కృష్ణా నది పేజీ తెరిచి ఒకసారి "ప్రాజెక్ట్" అని, ఇంకోసారి "ప్రాజెక్ట" అని వెతికి, ఏది ఎన్నిచోట్ల ఆగిందో లెక్కపెట్టండి. వచ్చే పాఠంలో వర్డ్‌లో ఒక మాట తీసేసి ఇంకోటి పెట్టడం చూద్దాం.