గినీ పిగ్‌కి బొచ్చు ఊడుతుంటే, ఒంటి మీద పుండ్లు పడితే ఏం చేయాలి?

మా గినీ పిగ్ చిట్టి వీపు మీద బొచ్చు పల్చబడటం మొదలైనప్పుడు చూసినవాళ్లందరూ ఒకటే మాట చెప్పారు: "కొబ్బరినూనెలో కాస్త కర్పూరం వేసి రాయండి, తగ్గిపోతుంది." పది రోజులు రాశాను. పదకొండో రోజు రాత్రి అది వెనక కాలితో గోక్కుని గోక్కుని పక్కకి ఒరిగిపోయింది. కాళ్లు బిగుసుకుపోయి కొట్టుకుంది. మూర్ఛ వచ్చిందనుకుని వణికిపోయాను. పొద్దున్నే డాక్టరు గారు వీపు మీద పొలుసు కొంచెం గీకి మైక్రోస్కోపులో చూసి, "గజ్జి అమ్మా. దురద తట్టుకోలేక అలా పడిపోతోంది" అన్నారు. రెండో డోసు మందు పడ్డాక గోకుడు ఆగింది. నేను నూనె రాసిన పది రోజులూ పురుగు చర్మంలో తొలుచుకుంటూనే ఉంది. పైగా అది ఒళ్లు నాకినప్పుడల్లా ఆ కర్పూరం కడుపులోకి పోయేది. కర్పూరం విషమని నాకప్పుడు తెలియదు.

అందుకే ఇక్కడ మందుల కంటే ముందు చూడటం గురించే ఎక్కువ చెబుతాను. ఎందుకు ఊడుతోందో తెలిశాకే ఏం చేయాలో తెలుస్తుంది.

1. ఆగకూడని పరిస్థితులు

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా మిగతా వ్యాసం తర్వాత చదవండి, ముందు బయలుదేరండి.

సగం రోజుగా ఏమీ తినకపోవడం, పెంటికలు వేయకపోవడం. గినీ పిగ్ పేగులు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. తిండి ఆగితే అసలు జబ్బు కంటే ముందు అదే ప్రాణం తీస్తుంది.

గాయంలో పురుగులు. వర్షాకాలంలో తడిసిన బొచ్చు మీద, మూత్రంతో మురికైన వెనక భాగం మీద ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే పురుగులు పుట్టి మాంసం తినడం మొదలుపెడతాయి. పైకి కనిపించేవాటిని పట్టకారుతో తీసేసి గంటల్లో ఆసుపత్రికి చేర్చండి. పశువుల పుండ్లకి వాడే టర్పెంటైన్ నూనె దీని మీద పోయకండి. కిలో బరువుకి అటూ ఇటూ ఉండే చిన్న ప్రాణి అది.

పది నిమిషాలు శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టినా ఆగని రక్తం, లోతైన కాటు, మా చిట్టికి వచ్చినట్టు బిగుసుకుపోవడం కూడా ఇందులోకే వస్తాయి. పిల్లి కరిచిందంటే గాయం సూదిమొనంత ఉన్నా సరే వెళ్లాల్సిందే. పిల్లి పంటి గాయం పైకి మూసుకుపోయి లోపల చీము పడుతుంది.

2. పగటి వెలుతురులో, ఇద్దరు కూర్చుని చూడండి

ఒడిలో తువ్వాలు వేసుకుని నేల మీద కూర్చోండి. ఎత్తు నుంచి దూకితే కాళ్లు విరుగుతాయి కాబట్టి సోఫా వద్దు. ఒక చెయ్యి ముందుకాళ్ల వెనక ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు వెతకాలి.

బొచ్చు మీద మెల్లగా ఊదండి, పాయలు విడిపోయి చర్మం కనిపిస్తుంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి కళ్ల చుట్టూ, చెవులు, మెడ కింద, వీపు, పక్కలు, పొట్ట, చివరికి పాదాల అడుగు దాకా వెళ్లండి. రెండు చెవుల వెనకా చిన్న నున్నటి మచ్చ కనిపిస్తే కంగారుపడకండి. ప్రతి గినీ పిగ్‌కీ పుట్టుకతోనే అక్కడ బొచ్చు ఉండదు. కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా భయపడేది ఈ మచ్చను చూసే.

తర్వాత ఒక నల్ల కాగితం పరిచి, దాని మీద సన్నపళ్ల దువ్వెనతో దువ్వండి. రాలినదాంట్లో ఏదైనా కదిలితే పేలు. కదలని పొలుసులైతే అవి కూడా కాగితంలోనే మడిచి డాక్టరుకి చూపించండి.

చివరగా కాటా. కూరగాయలు తూచే చిన్న కాటా మీద గిన్నె పెట్టి, అందులో కూర్చోబెట్టి బరువు రాసుకోండి. పెద్ద గినీ పిగ్ సాధారణంగా 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. వారంలో 50 గ్రాములు తగ్గితే లోపల ఏదో నడుస్తోందని అర్థం. బొచ్చు లేని చోటు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. మచ్చ పెరుగుతోందా, తగ్గుతోందా అని వారం తర్వాత ఇంట్లో వాదించుకోనక్కర్లేదు.

3. చూసినదాన్ని బట్టి కారణం పట్టుకోండి

మీరు మొదట జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న: దురద ఉందా?

విపరీతమైన దురద, వీపు మీదా భుజాల మీదా తొడల లోపలా బొచ్చు పాయలుగా ఊడటం, పసుపు తెలుపు కలిసిన దళసరి పొక్కులు, ముట్టుకుంటే కీచుమని అరవడం... ఇవి గజ్జి లక్షణాలు. దీని పురుగు పేరు ట్రిక్సాకారస్ కేవియే. చర్మంలో సొరంగాలు చేసుకుని ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు. కొన్నాళ్లు ఏ లక్షణం లేకుండా ఒంట్లోనే ఉండిపోయి, ఊరు మారినప్పుడో, గర్భంతో ఉన్నప్పుడో, వేరే జబ్బు చేసినప్పుడో విజృంభిస్తుంది. ఎత్తుకున్నవాళ్ల చేతుల మీద కూడా దద్దుర్లు రావచ్చు. ఐవర్‌మెక్టిన్ లేదా సెలామెక్టిన్‌తో నయమవుతుంది. మందు గుడ్ల మీద పనిచేయదు కాబట్టి, అవి పొదిగాక పుట్టే పిల్లల కోసం డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ ఇవ్వాలి. గోకుడు తగ్గిందని రెండో డోసు, మూడో డోసు మానేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. ఒకే బోనులో ఉన్నవాటన్నిటికీ ఒకేసారి వేయించాలి, బాగానే ఉన్నట్టు కనిపించేవాటికి కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక. పశువుల మందుల షాపులో దొరికే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఆవులు, గేదెలకి తయారుచేసింది, మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. గినీ పిగ్‌కి అందులో పట్టేది మిల్లీలీటరులో నూరో వంతులు కొన్నే. ఇంట్లో సిరంజితో అంత సన్నగా కొలవలేం. చెయ్యి కాస్త జారితే పది రెట్లు పడిపోతుంది.

ముక్కు మీద, కళ్ల చుట్టూ, చెవుల మీద మొదలై, గుండ్రంగా బొచ్చు పోయి, అంచు ఎర్రగా, మధ్యలో తెల్లటి పొట్టు ఉంటే తామర. దురద తక్కువగా ఉండొచ్చు. గినీ పిగ్ పిల్లల్లో ఎక్కువ. గాలి ఆడని తడి బోనుల్లో, ముసురు రోజుల్లో బాగా పాకుతుంది. ఇది మనుషులకీ అంటుకుంటుంది, ముఖ్యంగా చిన్నపిల్లలకి. అది తగ్గేదాకా గ్లౌజులు వేసుకునే పట్టుకోండి, చిన్నవాళ్లని ముద్దు చేయనివ్వకండి. డాక్టరు పూత మందుతో పాటు లోపలికి ఇట్రాకొనజోల్ లాంటిది ఇవ్వొచ్చు, వారాల తరబడి వాడాలి. ఫంగస్ బీజాలు బోనులో నెలల తరబడి బతుకుతాయి. అందుకే బోను ఖాళీ చేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు ఆగి, బాగా కడిగి, ఎండలో ఆరబెట్టాకే జంతువుని లోపల పెట్టండి.

దురద లేదు, చర్మం నున్నగా ఆరోగ్యంగా ఉంది, బొచ్చు మాత్రం కత్తెరతో కోసినట్టు పొట్టిగా ఉందంటే ఎవరో కొరుకుతున్నారు. తోడుగా ఉన్నది కొరకొచ్చు, తనది తానే కొరుక్కోవచ్చు. తల మీద, మెడ మీద అయితే తన నోరు అందదు కాబట్టి దోషి రెండోదే. దీనికి మందు సీసాలో దొరకదు. ఎండుగడ్డి ఎప్పుడూ నిండుగా ఉండాలి, చోటు పెంచాలి, దాక్కోవడానికి ఒక్కోదానికి ఒక్కో అట్టపెట్టె ఉండాలి.

రెండేళ్లు దాటిన ఆడ గినీ పిగ్‌కి రెండు పక్కలా, ఒకే కొలతలో, దురద లేకుండా బొచ్చు పోతుంటే అండాశయాల్లో నీటితిత్తులు ఉండే అవకాశం ఎక్కువ. అల్ట్రాసౌండ్ తీయించాలి. గర్భం చివర్లోనూ పాలిచ్చేటప్పుడూ కూడా పక్కలు పల్చబడతాయి, కాన్పయ్యాక మెల్లగా తిరిగొస్తాయి.

పాదాల అడుగున ఎర్రబడి, బొచ్చు పోయి, పుండు పడితే కారణం నేలలో వెతకండి. ఇనుప తీగల అడుగు, తడి పరుపు, అధిక బరువు, చాలాసార్లు ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది. ముదిరితే చీము ఎముక దాకా పోతుంది.

4. గాయాన్ని శుభ్రం చేయడం

చిన్న గీరుడు, పైపైన తెగిన చర్మం ఇంట్లో చూసుకోవచ్చు. అర లీటరు నీళ్లు కాచి చల్లార్చి, అందులో ఒక చిన్న చెంచా, అంటే నాలుగైదు గ్రాముల ఉప్పు కరిగించండి. గాయం చుట్టూ బొచ్చు గాయంలోకి అంటుకుంటుంటే మొండి కొనల కత్తెరతో కత్తిరించండి. ఇక్కడ తొందరపడకండి. దీని చర్మం పలచగా ఉండి బొచ్చుతో పాటు పైకి లేస్తుంది, బొచ్చు అనుకుని చర్మం కోసేస్తాం. వేలు చర్మానికి ఆనించి, వేలికి పైన ఉన్నదే కత్తిరించాలి.

సూది లేని సిరంజితో ఉప్పునీళ్లు మెల్లగా పోసి కడగండి, మందుల షాపులో దొరికే గాజ్ గుడ్డతో అద్దండి, రుద్దకండి. కావాలంటే పోవిడోన్ అయోడిన్‌ని పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి ఒకసారి అద్దొచ్చు. పూర్తిగా ఆరనివ్వండి. కట్టు కట్టొద్దు, కొరికి మింగేస్తుంది. రోజుకి రెండుసార్లు ఇలా చేస్తుంటే రెండు మూడు రోజుల్లో గాయం ఎండుతూ కనిపించాలి. ఎర్రదనం పెరిగినా, వాసన వచ్చినా, వాచినా డాక్టరు దగ్గరికే.

మెడ కిందో, కాటు పడిన చోటో గడ్డ కట్టితే పిసకకండి. గినీ పిగ్ చీము గట్టిపెరుగులా చిక్కగా ఉంటుంది, నొక్కితే బయటికి రాకుండా లోపల పగిలి రక్తంలో కలవొచ్చు. డాక్టరే దాన్ని కోసి, తిత్తితో సహా శుభ్రం చేయాలి.

5. ఇంట్లో ఉన్నవి రాయకండి

డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పచ్చి చర్మాన్ని కాలుస్తాయి. పసుపు, నూనె పుండుని మూసేసి లోపలి తడిని అలాగే ఉంచుతాయి. నియోస్పోరిన్ లాంటి లేపనాల్లో బాసిట్రాసిన్ ఉంటుంది, నాకితే దీని పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మందుల షాపులో తామరకని ఇచ్చే మిశ్రమ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించి, ఫంగస్ మరింత పాకుతుంది. కుక్కలకి మెడ మీద వేసే గోమార్ల మందులూ వద్దు, ముఖ్యంగా ఫిప్రోనిల్ ఉన్నవి.

అన్నిటికంటే ముఖ్యం యాంటీబయాటిక్. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్... మనకీ కుక్కలకీ మామూలుగా ఇచ్చే ఈ మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లో క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి, విరేచనాలు పట్టుకుని, కొద్ది రోజుల్లో చనిపోతుంది. చిన్న పుండుతో వెళ్లి మందుతో పోయిన గినీ పిగ్‌లున్నాయి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే, చీటీ రాసేటప్పుడే మర్యాదగా అడగండి: "సార్, ఇది పెన్సిలిన్ జాతి మందు గానీ, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ గానీ కాదు కదా?" ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్‌తో కలిపిన సల్ఫా మందులు వీటికి సాధారణంగా పడతాయి.

వెళ్లేముందు ఫోన్ చేసి, కుందేళ్లని, గినీ పిగ్‌లని చూస్తారో లేదో కనుక్కోండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగొచ్చు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, పెట్టెలో గడ్డి, కీరదోస ముక్క పెట్టండి. ఎండాకాలంలో తెల్లవారుజామునే బయలుదేరండి. 30 డిగ్రీలు దగ్గరపడితేనే వీటికి వడదెబ్బ భయం.

6. బొచ్చు తిరిగి రావాలంటే తిండి

మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ఒంట్లో తయారుచేసుకోలేదు. అది తక్కువైతే బొచ్చు గరుకుగా మారుతుంది, గాయం మానదు, కీళ్లలో రక్తం దిగి నడవడానికి ఏడుస్తుంది. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బుపడినప్పుడు ఇంకా ఎక్కువ. నీళ్లలో కలిపే చుక్కలు గంటల్లో పాడైపోతాయి. పెల్లెట్లలోనిది (షాపులో దొరికే గుళికల దాణా) తయారైన మూడు నెలలకి చాలావరకు పోతుంది. మనకి ఆ బెంగ అక్కర్లేదు: రెండు కాప్సికం ముక్కలు, గుప్పెడు కొత్తిమీర, అప్పుడప్పుడు బొటనవేలంత జామ ముక్క చాలు.

తిండిలో ముప్పావు వంతు పైగా గడ్డే ఉండాలి. దిగుమతి చేసిన టిమోతీ గడ్డి ఖరీదు ఎక్కువని పెల్లెట్లతో సరిపెట్టేవాళ్లున్నారు. వినాయకుడి గుడి ముందు కట్టలు కట్టి అమ్మే గరిక వీటికి ఎంతో ఇష్టం. పురుగుమందు కొట్టనిది చూసి తెచ్చి, బాగా కడిగి, ఆరబెట్టి పెట్టండి. మా చిట్టి జబ్బులో పెల్లెట్ ముట్టని రోజున కూడా గరిక పరక నోటి దగ్గర పెడితే మూలలో కూర్చుని చివరిదాకా లాక్కుంది.

7. విడదీయడం, కలపడం

రక్తం వచ్చేలా కొట్టుకున్న రెండు మగవాటిని మళ్లీ ఒకే బోనులో పెట్టకండి. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచండి. వాసన, మాట అందుతుంటే ఒంటరితనం ఉండదు. పళ్లు కటకటలాడించడం, ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలైతే చెయ్యి మధ్యలో పెట్టకుండా తువ్వాలు వేసి విడదీయండి.

పెట్ షాపు నుంచి కొత్తదాన్ని తెస్తే రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. పాతదానికి తిండి పెట్టాకే కొత్తదాని దగ్గరికి వెళ్లండి, వచ్చాక చేతులు కడుక్కోండి. ఆ మూడు వారాల్లో గోకుడు గానీ పొట్టు గానీ కనిపించకపోతే అప్పుడు కలపండి. గజ్జికి మందు పూర్తయిన చోట మొదట సన్నటి నూగు వస్తుంది, కొన్ని వారాలకి అది దళసరి అవుతుంది. చిట్టికి వీపు నిండేసరికి రెండు నెలలు పట్టింది. కొత్తగా వచ్చిన బొచ్చు పాతదానికంటే ఒక ఛాయ ముదురుగా ఉంది, ఇప్పటికీ వెలుతురులో ఆ మచ్చ కనిపిస్తుంది.